మురుగు మడ్డి – సాగునేల: నియంత్రణ చట్టాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నగరాల మురుగునీటిని శుద్ధి చేయగా అడుగున మిగిలే మడ్డిని పొలాలకు ఎరువుగా వాడటం 20వ శతాబ్దంలో విస్తరించింది. ఈ వాడకాన్ని అదుపుచేసేందుకు ఐరోపా సమాజం 1986లో, అమెరికా 1993లో సమగ్ర నిబంధనలు తెచ్చాయి. కాడ్మియం మొదలైన లోహాలకు ఈ రెండూ నిర్ణయించిన పరిమితులు చాలా చోట్ల ఒకదానికొకటి పొంతన లేనివి. ఆ తేడాకు మూలం నేల శాస్త్రంలో ఉన్నదా, చట్టం వేసుకున్న ప్రశ్నలో ఉన్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నియంత్రణ ప్రతి దశలోనూ అప్పటికి తెలిసిన ప్రమాదానికే సమాధానం చెప్పిందనీ, తెలియని ప్రమాదం బయటపడినప్పుడు ఆదుకున్నవి పరిమితుల అంకెలు కాక పొలాల వారీ నమోదులేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మురుగు మడ్డి, సాగునేల, కాడ్మియం, ఐరోపా నిర్దేశం, 503వ భాగం, పీఫాస్, ముప్పు అంచనా.

1. ఉపోద్ఘాతం

మురుగు శుద్ధి కేంద్రం నుంచి రెండు పదార్థాలు బయటికి వస్తాయి. ఒకటి నీరు, రెండవది మడ్డి. నీరు ఎంత శుభ్రపడితే మడ్డిలో అంత ఎక్కువ మలినం చేరుతుంది. శుద్ధి ప్రక్రియ సేంద్రియ పదార్థాన్ని కొంతవరకు విచ్ఛిన్నం చేయగలదు గాని, లోహాలను నాశనం చేయలేదు. వాటిని నీటి నుంచి మడ్డిలోకి మార్చగలదు, అంతే. కనుక నదులను కాపాడే చట్టం కఠినమైన ప్రతిసారీ మడ్డి రాశి పెరిగింది. దాన్ని ఎక్కడ వేయాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

సముద్రంలో పారవేయడం, గుంటల్లో పూడ్చడం, కాల్చడం, పొలాలకు తోలడం అన్నవి దీనికి దొరికిన మార్గాలు. వీటిలో చివరిది మాత్రమే మడ్డిని వ్యర్థంగా కాక వనరుగా చూస్తుంది. అందులో నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం ఉన్నాయి. దానితోపాటు పరిశ్రమలు, ఇళ్లు, ఆసుపత్రులు కాలువలోకి వదిలినవన్నీ ఉన్నాయి. ఎరువు, విషం ఒకే పదార్థంలో కలిసి ఉండటమే ఈ చట్టాల చరిత్రకు మూలమైన చిక్కు.

2. నగర మలినం, పల్లె ఎరువు: 19వ శతాబ్దపు వాదం

1842లో ఎడ్విన్ చాడ్విక్ ఇంగ్లండులో శ్రామిక ప్రజల ఆరోగ్య పరిస్థితిపై నివేదిక ప్రకటించాడు. నగరపు మురుగును నీటితో కొట్టుకుపోయేలా చేసి పొలాలకు మళ్లించవచ్చునన్నది ఆయన ఆలోచనల్లో ఒకటి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ వాదం ఇంకొక దిశ నుంచి వచ్చింది. పంటతోపాటు నేలలోని ఖనిజాలు నగరానికి తరలిపోతున్నాయనీ, అవి తిరిగి నేలకు చేరకపోతే సాగు నిలవదనీ ఆయన హెచ్చరించాడు. 1860వ దశకంలో లండన్ మురుగు వినియోగంపై సాగిన చర్చలో ఆయన స్వయంగా పాల్గొన్నాడు.

అయితే నగరపాలకుల నిర్ణయాలను నడిపినది ఎరువు విలువ కాదు. 1858 వేసవిలో థేమ్స్ దుర్గంధం పార్లమెంటు భవనాన్ని ముంచెత్తిన తరువాత జోసెఫ్ బజల్‌గెట్ రూపొందించిన కాలువల వ్యవస్థకు అనుమతి లభించింది. ఆ కాలువలు మురుగును నగరానికి తూర్పున నదిలోకి చేర్చాయి. తరువాత మడ్డిని వేరుచేసి 1887 నుంచి ఓడలలో సముద్రానికి తరలించడం మొదలైంది. ఆ పద్ధతి 1998 దాకా, అంటే 111 ఏళ్లు, కొనసాగింది. లీబిగ్ వాదానికి గౌరవం దక్కింది. మడ్డి మాత్రం సముద్రానికే వెళ్లింది.

3. యాక్టివేటెడ్ స్లడ్జ్: కొత్త ప్రక్రియ, కొత్త సరుకు

1914లో మాంచెస్టర్ దగ్గరి డేవీహూమ్ కేంద్రంలో ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ తమ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. మురుగులోకి గాలి పంపి, అందులో పెరిగిన సూక్ష్మజీవుల మడ్డిని పారవేయకుండా మళ్లీ మళ్లీ వాడితే శుద్ధి గంటల్లో ముగుస్తుందని వారు చూపించారు. ఈ ప్రయోగాలకు ప్రేరణ ఇచ్చిన గిల్బర్ట్ ఫౌలర్ ఆ తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడయ్యాడు. నత్రజనిని వృథా కాకుండా నేలకు చేర్చడమన్నది ఆయన పరిశోధనలో ప్రధానాంశంగా నిలిచింది. ఈ ప్రక్రియ పుట్టిన కొద్ది కాలానికే దాని ఎరువు కోణం భారతదేశానికి చేరిందనడానికి ఇది నిదర్శనం.

అమెరికాలో మిల్వాకీ నగరం జోన్స్ ఐలండ్ కేంద్రంలోని మడ్డిని వేడిచేసి, గుళికలుగా మార్చి, 1926 నుంచి మిలార్గనైట్ పేరుతో అమ్మసాగింది. గోల్ఫ్ మైదానాలు, ఇళ్ల ముందరి పచ్చిక దీనికి ప్రధానమైన విపణి. తినే పంటకు కాక పచ్చికకు వాడటం వల్ల లోహాల ప్రశ్న చాలా కాలం తలెత్తలేదు. ఈ దశలో భయమంతా రోగకారక క్రిముల గురించే. వేడిచేస్తే క్రిములు చస్తాయి, సమస్య తీరుతుంది అన్నది నాటి అవగాహన.

4. కాడ్మియం ప్రశ్న

ఆ అవగాహనను మార్చిన ఘటన మురుగు మడ్డికి సంబంధించినది కాదు. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది ఒడ్డు పల్లెల్లో ఎముకలు విరిగి, భరించలేని నొప్పితో బాధపడే వ్యాధి ప్రబలింది. ఇతాయి-ఇతాయి అని పిలిచిన ఆ వ్యాధికి పైనున్న గని నుంచి నదిలో కలిసిన కాడ్మియం కారణమని జపాన్ ప్రభుత్వం 1968లో అంగీకరించింది. నది నీరు వరిమడులకు పారింది. లోహం బియ్యం ద్వారా శరీరంలోకి చేరి మూత్రపిండాలను, తరువాత ఎముకలను దెబ్బతీసింది. నేలలో చేరిన లోహం పంట ద్వారా మనిషిని చేరగలదని ప్రపంచానికి తేటతెల్లమైంది.

ఇదే కాలంలో అమెరికాలో 1972 నాటి నీటి కాలుష్య నియంత్రణ చట్టం శుద్ధి కేంద్రాల నిర్మాణాన్ని వేగవంతం చేసింది. మడ్డి పెరిగింది. 1979లో పర్యావరణ పరిరక్షణ సంస్థ కాడ్మియంపై తొలి జాతీయ పరిమితులు విధించింది. పొగాకు, ఆకుకూరలు, దుంపకూరలు వేసే నేలకు ఏడాదికి హెక్టారుకు 0.5 కిలో మించరాదు. ఒక పొలంలో మొత్తం మీద చేరదగిన కాడ్మియం నేల స్వభావాన్ని బట్టి 5 నుంచి 20 కిలోలు. నేల పి.హెచ్. 6.5 ఉండాలి. ఆమ్లగుణం పెరిగితే కాడ్మియం వేళ్లకు సులభంగా అందుతుంది కనుక ఈ చివరి నియమం వచ్చింది. నేల గుణాన్ని, పంట రకాన్ని, సంచిత మోతాదును ఒకే చోట చేర్చిన ఈ నిబంధన చిన్నదే అయినా ఆలోచనలో పటిష్ఠమైనది.

5. ఐరోపా మార్గం: 1986 నిర్దేశం

1986 జూన్ 12న ఐరోపా సమాజం మురుగు మడ్డి వ్యవసాయ వినియోగంపై నిర్దేశం జారీచేసింది. ఇది మూడు చోట్ల కాపలా పెట్టింది. మొదటిది మడ్డి: పొడి బరువులో కిలోకు కాడ్మియం 20–40, సీసం 750–1200, పాదరసం 16–25 మిల్లీగ్రాములు మించరాదు. రెండవది నేల: కాడ్మియం 1–3 మిల్లీగ్రాములు దాటిన నేలకు మడ్డి తోలరాదు. మూడవది మోతాదు: పదేళ్ల సగటున హెక్టారుకు ఏడాదికి 0.15 కిలో కాడ్మియానికి మించి చేర్చరాదు. మడ్డి వేసిన మేతబీళ్లలో కనీసం మూడు వారాలు పశువులను మేపరాదు. నేలను తాకుతూ పచ్చిగా తినే పండ్లు, కూరగాయల నేలకు కోతకు ముందు పది నెలలు మడ్డి వేయరాదు.

ఈ నిర్దేశం కనీస ప్రమాణమే. సభ్య దేశాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. బ్రిటన్ 1989లో తన నిబంధనలు చేసింది. నెదర్లాండ్స్ 1990వ దశకంలో పరిమితులను ఎంత బిగించిందంటే అక్కడ పొలాలకు మడ్డి వెళ్లడం దాదాపు ఆగిపోయింది. మరోవైపు 1991 నాటి పట్టణ మురుగునీటి నిర్దేశం 1998 చివరికల్లా సముద్రంలో మడ్డి పారవేతను ఆపాలని ఆదేశించింది. సముద్రపు దారి మూసుకుపోతున్న వేళ పొలం దారిపై ఒత్తిడి పెరగడం సహజం.

బ్రిటన్‌లో ఆ ఒత్తిడికి ఎదురు నిలిచినది ప్రభుత్వం కాదు, చిల్లర వర్తకుల సంఘం. తమ దుకాణాల్లో అమ్మే కూరగాయలపై కొనుగోలుదారులకు అనుమానం రాకూడదన్నది వారి ఆందోళన. నీటి సంస్థలతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1999 చివరి నుంచి శుద్ధి చేయని మడ్డిని ఆహార పంటలకు వాడటం నిలిచిపోయింది. చట్టం అనుమతించినదాన్ని విపణి నిరాకరించిన సందర్భమిది.

6. అమెరికా మార్గం: 503వ భాగం

న్యూయార్క్ పరిసరాల మడ్డిని దశాబ్దాలుగా అట్లాంటిక్ సముద్రంలో పారవేస్తుండేవారు. 1988లో అమెరికా కాంగ్రెస్ దాన్ని నిషేధించింది. 1992 మధ్యకల్లా న్యూయార్క్ నగరపు చివరి పడవలు ఆగాయి. 1993 ఫిబ్రవరి 19న 503వ భాగంగా ప్రసిద్ధమైన నిబంధనలు వెలువడ్డాయి. అంతకు రెండేళ్ల ముందే మురుగునీటి రంగపు వృత్తి సంఘం మడ్డికి బయోసాలిడ్స్ అనే కొత్త పేరును ప్రచారంలోకి తెచ్చింది. మూడు పరిణామాలూ ఐదేళ్ల వ్యవధిలో జరిగాయన్నది గమనార్హం.

503వ భాగం క్రిముల దృష్ట్యా మడ్డిని రెండు తరగతులు చేసింది. మొదటి తరగతి మడ్డిలో గ్రాముకు మలసంబంధ కోలిఫారం సంఖ్య 1,000 లోపు ఉండాలి. రెండవ తరగతిలో అది 20 లక్షల లోపు. రెండవ తరగతి మడ్డి వేసిన పొలంలో 30 రోజులు పశువులను మేపరాదు. నేల మట్టిని తాకే పంటను 14 నెలలు, నేలలోపల పెరిగే దుంపను పరిస్థితిని బట్టి 20 లేదా 38 నెలలు కోయరాదు. క్రిములు కాలక్రమంలో నశిస్తాయి కనుక ఇక్కడ కాలమే రక్షణ.

లోహాలకు ఆ వెసులుబాటు లేదు. వాటి కోసం సంస్థ 14 మార్గాలను ఊహించి లెక్కలు కట్టింది. మడ్డి నుంచి నేలకు, మొక్కకు, మనిషికి. మొక్క నుంచి పశువుకు, మనిషికి. నేరుగా మడ్డి నోట్లో పెట్టుకున్న పసిబిడ్డకు, ఇలా ప్రతి మార్గంలోనూ ఎంత మోతాదు హానికరమో అంచనావేసి, అన్నింటిలో తక్కువైనదాన్ని పరిమితిగా తీసుకుంది. కాడ్మియానికి ఆ కీలక మార్గం పసిబిడ్డదే. వచ్చిన సంచిత పరిమితి హెక్టారుకు 39 కిలోలు. కిలో మడ్డిలో 39 మిల్లీగ్రాముల లోపు కాడ్మియం ఉంటే ఎంత చేరుతున్నదో లెక్క పెట్టనవసరం లేదు. ఏటా 10 టన్నుల చొప్పున 100 ఏళ్లు వేసినా మొత్తం 39 కిలోలే అవుతుందన్నది ఆధారం.

న్యాయస్థానాల పాత్ర కూడా విస్మరించదగినది కాదు. తోళ్ల పరిశ్రమ సంఘం వేసిన వ్యాజ్యంలో 1994లో అప్పీలు న్యాయస్థానం కొన్ని పరిమితులకు తగిన ఆధారం చూపలేదని తేల్చింది. ఫలితంగా 1995లో క్రోమియం పరిమితులు తొలగిపోయాయి. సెలీనియం పరిమితి 36 నుంచి 100 మిల్లీగ్రాములకు పెరిగింది. హాని నిరూపణ కానంతవరకు పరిమితి చెల్లదన్న సూత్రం ఇందులో స్పష్టమవుతుంది.

7. అంకెల వెనుక ఉన్న ప్రశ్నలు

1979లో అమెరికా అనుమతించిన గరిష్ఠ సంచితం 20 కిలోలు. 1993లో అది 39 కిలోలు. ఐరోపా లెక్కన ఏడాదికి 0.15 కిలో చొప్పున 39 కిలోలు చేరాలంటే 260 ఏళ్లు పడుతుంది. హెక్టారు దుక్కి పొర బరువు 2,000 టన్నులనుకుంటే 39 కిలోలంటే కిలో మట్టికి 19.5 మిల్లీగ్రాములు. ఐరోపా 3 మిల్లీగ్రాముల దగ్గరే ఆగమంటుంది. ఒకే లోహం విషయంలో ఒకే తరం శాస్త్రజ్ఞుల మధ్య ఇంత దూరం ఎందుకు?

రెండు చట్టాలు అడిగిన ప్రశ్నలు వేరు. నేలలో లోహం ఎంత చేరితే ఎవరికి హాని కలుగుతుంది అన్నది అమెరికా ప్రశ్న. నేలను ఉన్న స్థితికి దగ్గరగా ఉంచాలంటే ఎంత చేర్చవచ్చు అన్నది నెదర్లాండ్స్ వంటి దేశాల ప్రశ్న. మొదటిది నేల సహనశక్తిని ఖర్చుపెట్టదగిన నిల్వగా భావిస్తుంది. రెండవది దాన్ని ముట్టరాని మూలధనంగా భావిస్తుంది. రెండూ శాస్త్రీయ వాదనలతోనే నడుస్తాయి. కాని ఏ ప్రశ్న అడగాలో శాస్త్రం నిర్ణయించదు.

అమెరికా వాదానికి బలమైన ఆధారాలే ఉన్నాయి. మడ్డిలో కాడ్మియంతోపాటు జింకు వంద రెట్ల స్థాయిలో ఉంటుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు కాడ్మియాన్ని పట్టి ఉంచుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రూఫస్ చానీ ఈ వాదాన్ని దశాబ్దాల పాటు వివరించాడు. అయితే ఆయన పరిశోధనే ఒక ముఖ్యమైన మినహాయింపును కూడా చూపింది. వరి అన్నం ప్రధానాహారమైన చోట ఈ రక్షణ సడలుతుంది. వరిగింజలో కాడ్మియం చేరినా జింకు ఆ మేరకు పెరగదు. పాలిష్ చేసిన బియ్యంలో ఇనుము, జింకు తక్కువ కనుక తిన్న కాడ్మియాన్ని పేగులు ఎక్కువగా గ్రహిస్తాయి. పైగా నీరు నిలిచిన మడిలో గంధకంతో కలిసి కదలకుండా ఉన్న కాడ్మియం, గింజ పాలుపోసుకునే దశలో మడి ఆరగట్టినప్పుడు కరిగి వేళ్లకు అందుతుంది. అంటే అమెరికా ఆహారపు అలవాట్లపై కట్టిన లెక్కను కృష్ణా, గోదావరి ఆయకట్టుకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

8. జాబితాలో లేని రసాయనాలు

503వ భాగం రూపొందేటప్పుడు సేంద్రియ రసాయనాలు కూడా పరిశీలనకు వచ్చాయి. అప్పటికే నిషేధానికి గురైనవి, సర్వేలో అరుదుగా కనిపించినవి, అంచనాలో ముప్పు తక్కువగా తేలినవి జాబితా నుంచి తొలగాయి. మిగిలినవి లోహాలు. 2002లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక ఈ నిబంధనలు ప్రజారోగ్యాన్ని కాపాడలేకపోయాయనడానికి నమోదైన శాస్త్రీయ ఆధారం లేదంటూనే, సందేహ నివృత్తికి మరింత పరిశోధన అవసరమని చెప్పింది. 2018లో పర్యావరణ సంస్థ అంతర్గత తనిఖీ విభాగం మడ్డిలో గుర్తించిన 352 కాలుష్యకాల ముప్పును అంచనావేసేందుకు సంస్థ దగ్గర తగిన సమాచారమో, సాధనాలో లేవని తేల్చింది.

వాటిలో పీఫాస్ వర్గం ప్రత్యేకమైనది. నూనె, నీరు అంటని పూతల్లోనూ, మంటలార్పే నురగల్లోనూ వాడే ఈ ఫ్లోరిన్ సమ్మేళనాలను శుద్ధి కేంద్రపు సూక్ష్మజీవులు పూర్తిగా విచ్ఛిన్నం చేయలేవు. జర్మనీ దీన్ని ముందుగా ఎదుర్కొన్నది. 2006లో సావర్లాండ్ ప్రాంతంలో నేల మెరుగుపరిచే పదార్థం పేరుతో పొలాలకు చేరిన పారిశ్రామిక వ్యర్థం వల్ల మ్యోనె జలాశయం కలుషితమైనట్లు బయటపడింది. 2008 ఎరువుల నిబంధనల్లో ఆ దేశం ఈ వర్గపు రెండు ప్రధాన రసాయనాల మొత్తానికి కిలోకు 0.1 మిల్లీగ్రాము పరిమితి పెట్టింది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పాడి క్షేత్రాల్లో, పాలలో ఈ రసాయనాలు బయటపడ్డాయి. ఏళ్ల క్రితం ప్రభుత్వ అనుమతితో, నిబంధనల ప్రకారం వేసిన మడ్డే కారణం. రైతు ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు. అయినా పాలు పారబోసుకున్నది రైతే. 2022లో ఆ రాష్ట్రం మడ్డిని, దానితో చేసిన కంపోస్టును నేలకు వేయడం నిషేధించింది. నష్టపోయిన రైతుల కోసం 6 కోట్ల డాలర్ల నిధి ఏర్పరిచింది. నిషేధం తరువాత మడ్డి పూడ్చివేత స్థలాలకు వెళ్లింది. అక్కడ చోటు చాలక 2023లో కొంత సరిహద్దు దాటి కెనడాకు చేరింది. 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ సంస్థ వెలువరించిన ముసాయిదా అంచనా ప్రకారం, కిలో మడ్డిలో ఒక్క మైక్రోగ్రాము ఉన్నా ఆ పొలం మీదనే ప్రధానంగా ఆధారపడి బతికేవారికి ముప్పు ఆమోదయోగ్య స్థాయిని మించవచ్చు.

మెయిన్ ఉదంతంలో చరిత్రకారుడు గమనించవలసినది ఒకటున్నది. ఏ పొలాలను పరీక్షించాలో ఆ రాష్ట్రానికి తెలిసినది మడ్డి వేయడానికి అది జారీచేసిన లైసెన్సుల దస్త్రాల వల్ల. కేంద్ర నిబంధనలు మేలురకం మడ్డిని మామూలు ఎరువులాగే అమ్ముకోనిచ్చాయి. ఎక్కడ వేశారో నమోదు అక్కరలేదన్నాయి. లోహాల వరకు అది హేతుబద్ధమే. కాని జాబితాలో లేని రసాయనానికి దారి వెతకవలసి వచ్చినప్పుడు, నమోదు లేని చోట జాడ కూడా లేదు.

9. భారత సందర్భం

భారతదేశంలో 2000 నాటి పట్టణ ఘన వ్యర్థాల నిబంధనలు కంపోస్టుకు ప్రమాణాలు నిర్దేశించాయి. కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, పాదరసం 0.15 మిల్లీగ్రాములు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నగర కంపోస్టుకు చేరిన ప్రమాణాలు కూడా ఈ కోవలోనివే. కాడ్మియం విషయంలో ఇది అమెరికా, ఐరోపా అంకెల కంటే కఠినం. అయితే ఇది సంచి మీది అంకె. నేలలో ఇప్పటికే ఎంత ఉన్నది, ఏడాదికి ఎంత చేరుతున్నది అన్న రెండు కాపలాలు ఇందులో లేవు. పైగా ఈ ప్రమాణాలు ఉద్దేశించినది చెత్త నుంచి చేసిన కంపోస్టును, శుద్ధి కేంద్రపు మడ్డిని కాదు. మడ్డి విషయంలో 2013 నాటి కేంద్ర మురుగునీటి మాన్యువల్ మార్గదర్శకమే గాని శాసనం కాదు.

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్న ఊహాత్మకం కాదు. హైదరాబాద్ అంబర్‌పేట కేంద్రం సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. మూసీ దిగువన మురుగునీటితో వరి, గడ్డి పండించడం ఎంతో కాలంగా ఉన్నదే. వరంగల్ నగరం 2016లో మలవ్యర్థాల నిర్వహణకు సొంత నియమాలు చేసుకొన్నది. శుద్ధి సామర్థ్యం పెరిగేకొద్దీ మడ్డి పెరుగుతుంది. సేంద్రియ పదార్థం తరిగిపోయిన నేలలున్న రైతుకు అది అవసరంగానూ కనిపిస్తుంది.

10. ముగింపు

ఈ చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదట క్రిములు, తరువాత లోహాలు, ఇప్పుడు నశించని సేంద్రియ రసాయనాలు. ప్రతి దశలోనూ చట్టం గత ప్రమాదానికి పరిమితి పెట్టి, రాబోయేది లేదన్నట్లు వ్యవహరించింది. స్విట్జర్లాండ్ 2006 నాటికి పొలానికి మడ్డి వాడకాన్ని మానుకొన్నది. జర్మనీ 2017 నిబంధనతో పెద్ద కేంద్రాలు 2029 నుంచి మడ్డిలోని భాస్వరాన్ని తిరిగి రాబట్టాలని ఆదేశించింది. లీబిగ్ కోరినది ఖనిజాన్ని నేలకు తిరిగి ఇవ్వమని. దానికి మడ్డిని మొత్తంగా తోలడమే దారి కాదని జర్మనీ నిర్ణయం సూచిస్తున్నది. కాలువలోకి ఏది వదలాలో పరిశ్రమ నిర్ణయిస్తుంది, మడ్డిని ఏంచేయాలో నగరం నిర్ణయిస్తుంది, ఫలితాన్ని తరాల తరబడి మోసేది నేల. భారతదేశంలో నిబంధనలు రూపొందేటప్పుడు మడ్డి పరిమితితోపాటు నేల పరీక్ష, హెక్టారు వారీ మోతాదు, సర్వే నంబరు వారీ నమోదు తప్పనిసరి కావాలి. పరిమితి అంకెలు శాస్త్రంతోపాటు మారుతాయి. ఏ చేనికి ఏ ఏడు ఏ కేంద్రం నుంచి ఎంత మడ్డి వెళ్లిందన్న లెక్క ఉంటే, ఆ అంకె మారిన రోజున రైతును ఆదుకోవడం సాధ్యమవుతుంది.